మాటలో రెండో సగం

చొక్కా కాలరు మీద నీళ్లు చిలకరించి ఇస్త్రీపెట్టె ఆనించబోతుండగా, అద్దం ముందు జుట్టు దువ్వుకుంటున్న మావారు అన్నారు.

"ఏమోయ్, ఇవాళ సభలో ఓర్పు గురించి చెప్పాలి. ఒక మాట పడెయ్."

కూరలో ఉప్పు పడెయ్ అన్నట్టే అంటారు. ఆయన గొప్ప పండితులు. గ్రంథాల్లోని వాక్యాలు ఆయన కంఠంలో ధారగా పలుకుతాయి. మా నాన్నగారి దగ్గర నేనూ ఆ పద్యాలూ, ఆ గ్రంథాలూ చదువుకున్నదాన్నే. అయితే సభ ముగిశాక జనం మూటగట్టుకుని ఇంటికి తీసుకుపోయే మాట మాత్రం తరచుగా మా వంటింట్లో పుట్టినదే. గిన్నెలు తోముతూనో, మంచం పట్టిన అత్తగారిని పక్కకు ఒత్తిగిలబెడుతూనో నేను అనుకున్నది మర్నాటికి ఆయన నోట వినిపిస్తుంది. ఒకసారి "అది నేనన్న మాట కదండీ" అన్నాను. "నువ్వంటే మాటేనోయ్, నేనంటే సూక్తి" అని నవ్వారు. పక్కగదిలోంచి అత్తగారు "మొగుడికి పేరొస్తే నీకొచ్చినట్టు కాదుటే?" అన్నారు. భగవంతుడు పలికించిన మాట ఎవరి పేరుమీద చలామణీ అయితేనేమని సరిపెట్టుకున్నాను. వినయమంటే అదేననుకున్నాను.

"ఓర్పు బావి లాంటిదండీ" అన్నాను చొక్కా మడత విప్పుతూ. "తోడినకొద్దీ ఊరుతుంది. కాని ఊరే వ్యవధి ఇవ్వకుండా తోడితే చేదలోకి బురదే వస్తుంది."

"భేష్!" అని, చొక్కా తొడుక్కుని వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున్నే పక్కవీధిలో బట్టలు కుట్టే ఆవిడ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్ల చేతిలో సంచి, ఎడమచెవిలో దూది. మొగుడు కొట్టిన దెబ్బకు ఆ చెవి వినపడకుండా పోయిందని వీధి వీధంతటికీ తెలుసు.

"నిన్న సభలో ఎంత బాగా చెప్పారండీ గురువుగారూ! ఆ మాటే దీనికీ ఒకసారి చెప్పండి. అల్లుడు తీసుకెళ్లడానికొచ్చి బయట నిలబడ్డాడు. ఇదేమో వెళ్లనని మొండికేస్తోంది."

ఆయన కళ్లు అరమోడ్చారు. "ఓర్పు బావి వంటిదమ్మా. ఎంత తోడినా ఊరుతూనే ఉంటుంది. వెళ్లిరా తల్లీ."

ఆ పిల్ల వినపడే చెవిని ఆయనవైపు తిప్పి విన్నది. "అలాగేనండీ" అని, కింద పెట్టిన సంచీ అందుకోవడానికి వంగింది.

మంచినీళ్లు తెస్తున్న నేను గుమ్మంలోనే ఆగిపోయాను. నా మాటే. నా నోట పుట్టి, సగానికి తెగి, ఈ బిడ్డను మళ్లీ ఆ కొట్టిన చేతికిందికే తోలుతోంది. ఎవరి పేరైతేనేమని ఊరుకున్నది వినయమా? దేవుడు మాట పలికించింది సగంలో విడిచిపెట్టడానికా? పూర్తిచేయని సత్యం అబద్ధానికే ఊడిగం చేస్తుందని ఆ క్షణాన తెలిసింది.

"ఆగమ్మా" అన్నాను. "ఆ మాట ఇంకా అయిపోలేదు. ఊరే వ్యవధి ఇవ్వకుండా తోడితే బావిలో మిగిలేది బురదే."

"మధ్యలో నువ్వెందుకోయ్?"

"మధ్యలో రాలేదండీ. మీరు ఆపిన చోటికి వచ్చాను."

తల్లి తెల్లబోయింది. "అదేమిటమ్మగారూ? గురువుగారు నిన్న అలా అనలేదే!"

"చొక్కా ఇస్త్రీ చేస్తూ ఆయనకు ఆ మాట చెప్పింది నేను. మొత్తం చెప్పాను."

మావారు కాదనలేదు. తన చొక్కా అంచును చూసుకుంటూ కూర్చున్నారు. తల్లి తన కూతురి చెవిలోని దూదిని, అప్పుడే కొత్తగా చూస్తున్నట్టు చూసింది.

"అయితే పంపొద్దంటారా?"

"అడగవలసింది నన్ను కాదు."

"నేను వెళ్లనమ్మా" అంది పిల్ల. సంచీ నేనే తీసుకుని లోపలిగదిలో పెట్టాను. బయట నిలబడ్డ అల్లుడికి ఆ సంగతి చెప్పడానికి తల్లే లేచి వెళ్లింది.

సాయంత్రం ఆయన చొక్కా తెచ్చి బల్లమీద పెట్టి, "ఇవాళ సత్యం గురించి..." అన్నారు.

ఇస్త్రీపెట్టె నా బట్టలమీద సాగుతూనే ఉంది.

"నేనూ వస్తున్నానండీ. ముందు వరుసలోనే కూర్చుంటాను. మీరు సగంలో ఆపితే, మిగతాది నేను లేచి చెబుతాను."