సంఘపెద్ద కాపాడుకున్న ఒళ్ళు

అప్పయ్య పేరెత్తితే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. భోపాల్‌పట్నం వైపు నుంచి ఇనుప గనికి పనికొచ్చి, కొండ కింద గుడిసెలు వేసుకున్న మా తెలుగువాళ్ళ సంఘానికి ఆయనే పెద్ద. ఆదివారం ప్రార్థన నడిపేది ఆయనే, సోమవారం నుంచి ఠేకేదారు, అదే కాంట్రాక్టరు, నడిపే రాళ్ళ క్రషర్ దగ్గర మేస్త్రీగా మమ్మల్ని తిట్టేదీ ఆయనే. రెంటికీ ఒకటే గొంతు.

ఒళ్ళు మాత్రం బాగా పెంచాడు. దండీలు, బస్కీలు తీస్తాడు. బీడీ ముట్టడు, టీ కూడా తాగడు. "దేహం దేవుని ఆలయం. దాన్ని పాడు చేసుకున్నోడు రేపు దేవునికి జవాబు చెప్పాలె" అని ప్రతి ప్రసంగంలోనూ అంటాడు. అది తప్పని నేననను. ఒళ్ళు దేవుడిచ్చిందే, చూసుకోవలసిందే. కానీ ఆ మాట అప్పయ్య నోట వింటే నాకు నవ్వు, ఏడుపు రెండూ వచ్చేవి.

ఎందుకంటే నేను క్రషర్ కిందే పని చేసేదాన్ని. జారిపడిన రాయిని తట్టకెత్తి మళ్ళీ బెల్టు మీద పోయాలి. నా మొగుడు వెంకన్న పైన, క్రషర్ నోటి దగ్గర. ఇరుక్కున్న బండను గడ్డపారతో కదిలించడం అతని పని. బండ నలిగినప్పుడల్లా ఎర్ర దుమ్ము లేచి మనిషి కనపడేవాడు కాదు. దుమ్ము అణగడానికి చిల్లుల పైపు ఒకటుంది, నీళ్ళు కూడా ఉన్నాయి. తడిస్తే పొడి జల్లెడకు అంటుకుని పని ఆగిపోతుందని అప్పయ్య దాన్ని మూయించేవాడు. తను మాత్రం గాలి వచ్చే వైపు, దూరంగా, మూతికి రుమాలు కట్టుకుని నిలబడేవాడు. కంచే చేను మేయడమంటే ఇదే.

శనివారం తెల్లవారగానే సంఘంలోని మగవాళ్ళందరూ కొండెక్కి, పైన పాట పాడి దిగాలని అప్పయ్య నియమం పెట్టాడు. మొదట్లో వెంకన్న అందరికంటే ముందు ఎక్కేవాడు. రానురాను సగం దారిలో కూలబడి దగ్గేవాడు. దవడలు లోపలికి పోయాయి, చొక్కా వేలాడేది. జగదల్‌పూర్ పెద్దాసుపత్రికి పోదామని నేను పోరు పెట్టాను.

"దగ్గు కాదే అది, బద్ధకం. అప్పయ్యన్న ఇంకా ఎక్కుమన్నడు. ఎక్కితే ఊపిరి తెరుచుకుంటదట" అన్నాడు. నేను చెప్పడం, గోడకు చెప్పడం ఒకటే అయింది. మనిషి నా కళ్ళ ముందే పోయేలా ఉన్నాడని నాకు భయం పట్టుకుంది.

ఆ ఆదివారం అప్పయ్య ప్రసంగం మధ్యలో వెంకన్నను చూపించాడు.

"చూడుండ్రి మన వెంకన్నను. కొండెక్కి కొవ్వంత కరిగించిండు. లే తమ్మీ, సాక్ష్యం చెప్పు."

అందరూ స్తోత్రం అన్నారు. నా పిచ్చి మొగుడు మురిసిపోతూ లేచాడు. రెండు మాటలు చెప్పేలోపే దగ్గు తెర వచ్చి గోడ పట్టుకున్నాడు. అప్పుడు నేను లేచాను.

"అప్పయ్యన్నా, కరిగింది కొవ్వు కాదు, మనిషి. నీళ్ళు మూయించి ఆ ఆలయంల దుమ్ము పోస్తున్నది నువ్వే. రేపు ఒక్క షిఫ్టు ఆయన పక్కన నిలబడు, రుమాలు లేకుండ. నిలబడితే నేను సుత కొండెక్కుత, మళ్ళ నోరెత్తను."

"కూసో. పరువు తీస్తున్నవు" అన్నాడు వెంకన్న, నా కొంగు లాగి.

అందరూ అప్పయ్య మొహమే చూస్తున్నారు. ఆయన ఛాతీ విరిచి, "నిలబడత. ఏంది దానికి?" అన్నాడు.

నిలబడ్డాడు కూడా. సోమవారం చేతులు కట్టుకుని, పాట పాడుతూ క్రషర్ నోటి పక్కన నిలబడ్డాడు. కాసేపటికి పాట ఆగింది. తర్వాత కళ్ళు తుడుచుకోవడం మొదలైంది. టీ వేళ కూడా కాకముందే తనే వెళ్ళి పైపు తిప్పాడు. నీళ్ళు పడ్డాయి, దుమ్ము అణిగింది. జల్లెడకు పొడి అంటుకుని పని ఆగుతూ సాగింది. ఆగినందుకు ఆయన ఎవరినీ ఒక్క మాట అనలేదు.

షిఫ్టు అయ్యాక కిందికి దిగుతూ, "చూసినవా చెల్లెమ్మా, దేవుని దయ" అన్నాడు నాతో. అని, దారిలో ఉన్న పైపును మళ్ళీ బిగించి మూసేశాడు. తర్వాతి షిఫ్టుకు ఇర్మా అనే గోండు కూలీ, అతని తోటివాళ్ళు గడ్డపారలు పట్టుకుని అప్పుడే పైకి వస్తున్నారు.

నాకు ఆశ్చర్యం కలగలేదు. వెంకన్న మాత్రం మూసిన పైపునూ, పైకి వస్తున్న వాళ్ళనూ చూస్తూ అక్కడే నిలబడిపోయాడు. ఇంటికి వచ్చాక అన్నం కూడా సరిగ్గా తినలేదు.

శనివారం పొద్దున అప్పయ్య బయటి నుంచి పిలిచాడు. వెంకన్న ఉతికిన చొక్కా వేసుకుని, సంచి పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"నేను రానన్నా. జగదల్‌పూర్ ఆసుపత్రికి పోతున్న."

"విశ్వాసం పోయిందా తమ్మీ?"

"దేవుని మీద ఉన్నది. నీ మీదనే లేదు."

డాక్టరు ఛాతీ ఫొటో తీసి చూశాడు. దుమ్ము లోపల గట్టిపడిపోయిందని, ఆ పని మానేస్తే ఉన్న ఊపిరి నిలుస్తుందని, పోయింది మాత్రం తిరిగి రాదని చెప్పాడు. ఇంకొంచెం ముందు ఎందుకు తీసుకురాలేదని నన్నే కసిరాడు. మేం క్రషర్ మానేసి భోపాల్‌పట్నం వచ్చేశాం. వెంకన్న కూర్చుని తునికాకు కట్టలు కడతాడు.

ఇక్కడి సంఘంలోనూ ఆదివారం అందరం కలిసి పరలోక ప్రార్థన చెబుతాం. 'మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము' అని, మాకు కీడు చేసినవాళ్ళను క్షమించామని చెప్పే చోటికి రాగానే నేను నోరు మూసుకుంటాను. వెంకన్న మూసుకోడు. ఆ ఒక్క వాక్యం పూర్తి చేయడానికి మధ్యలో ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ మొదలుపెడతాడు. అతను ముగించేదాకా పక్కనే నిలబడి అప్పయ్యను తిట్టుకుంటాను.