పొగమంచులో గాజు మెలిక

మా చెల్లెలు గాజు ఊదుతుంది. ప్రయోగశాలల్లో వాడే బుడ్లు, గొట్టాలు, మెలికలు తిరిగిన నాళాలు ఆమె చేతిలో పుడతాయి. ఇప్పుడవన్నీ యంత్రాల మీదే తయారై వస్తున్నాయి గనుక, కళాశాలవారు ఆమె గాజు గదిని నెలాఖరుకు మూసివేయాలని నిర్ణయించారు. గది పోతే మంట పోతుంది. వంటింట్లో పెట్టుకోదగిన మంట కాదది. విద్య చేతుల్లోనే ఉండి, దానికొక బల్ల లేకుండా పోతున్నదన్న దిగులును ఆమె ఇంట్లో ఎవరితోనూ చెప్పుకోలేదు. పని చేస్తూ, ఆ పనిని మాత్రం ఫోనుకు చూపించేది.

ఫోనును ఎదురుగా నిలబెట్టి, తెరను తనవైపుకే తిప్పుకునేది. తెర కనబడితే తప్ప అది పనిచేస్తున్నదని ఆమెకు నమ్మకం కుదరదు. తీసిన వీడియోను మాత్రం తిరిగి చూసేది కాదు. అందులో మాటా లేదు, పాటా లేదు. మంట చేసే సన్నని హోరు, ఆ హోరులో మెల్లగా నారింజ రంగుకు తిరిగే గాజు. గాజు ఇదిగో ఇప్పుడు కరిగింది అని చెప్పదగిన క్షణం ఉండదు. తాను గట్టిదాన్నన్న సంగతిని కొంచెం కొంచెంగా మరిచిపోతుంది. చూసేవారూ అలాగే దేన్నో మరిచిపోయేవారు కాబోలు. ఎక్కడెక్కడివారో వచ్చి, "ఇవాళ కూడా హాయిగా ఉందక్కా" అని రాసి వెళ్ళేవారు.

"ఈ అక్కలూ తమ్ముళ్ళూ అంతా గాలి చుట్టరికమే. వీళ్ళలో ఒక్కడైనా నీ గడప తొక్కుతాడా?" అన్నాను.

"ఉద్యోగమంతా పాఠాలు చెప్పావు కదా అన్నయ్యా. నీ శిష్యులు ఎంతమంది తొక్కుతున్నారు నీ గడప?"

నేను పేపరు తిరగేశాను.

ఆ తర్వాత 'మంచుబొట్టు' అనే పేరుతో ఒకరు రాశారు. కొండ మీద పరిశోధన కేంద్రంలో పొగమంచును నీటి చుక్కలుగా పట్టి పరీక్షించడం తన పనట. మరమేకులాగా గాడి చెక్కిన ఇత్తడి కడ్డీకి గాజు మెలికను ఎక్కించాలి; పాతది పగిలింది. "సరిగ్గా మీ వీడియోలో చేసినటువంటిదే చెయ్యండక్కా" అని కొలతలు పంపారు. ఇందులో దైవఘటన ఏమీ లేదు. వేలమంది చూస్తున్నప్పుడు గాజు అవసరమున్నవాడు ఒక్కడైనా లేకపోతేనే వింత.

"పార్సిల్లో వేస్తే గాజుపొడే చేరుతుంది. నేనే తీసుకెళ్తా," అంది చెల్లెలు.

"ఆ మంచుబొట్టు మోసగాడైతే?"

"నువ్వొస్తావుగా, ఆధారాలడిగి ప్రాణం తియ్యడానికి."

బస్సు కొండెక్కుతూ ఉండగా పొగమంచు కిటికీల దాకా వచ్చింది. రోడ్డు పోయింది, చెట్లు పోయాయి, చివరకు మా బస్సు కూడా సగం పోయినట్లనిపించింది. అది నేలను తాకిన మేఘమేనని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన అది పలచబడలేదు. చెల్లెలు ఒళ్ళో పెట్టె పెట్టుకుని, నిద్రపోతున్న పసిబిడ్డను మోస్తున్నట్లు కూర్చుంది.

ఆ తెలుపులోంచి పెద్ద గొడుగు వేసుకుని ఒక భారీ మనిషి బయటపడ్డాడు. ఆయన మీసాల చివర నీటి బొట్లు వేలాడుతున్నాయి.

"అక్కా, నేనే మంచుబొట్టుని."

"బొట్టంటే ఇంత ఉంటావనుకోలేదయ్యా," అంది చెల్లెలు.

కేంద్రం లోపల ఆయన మెలికను కడ్డీకి తగిలించి తిప్పాడు. ఎక్కలేదు. తలకిందులు చేసి తిప్పాడు, అప్పుడూ ఎక్కలేదు. గాడి కుడికి ఎక్కుతుంటే మెలిక ఎడమకు ఎక్కుతోంది. ఆయన ఫోను తీసి వీడియో చూపించాడు. అందులో మెలిక కుడికే తిరిగి ఉంది.

"నా చేతులు అలా చుట్టవు. ఆ రోజు ఎలా చుట్టానో ఇదీ అలాగే చుట్టాను," అంది చెల్లెలు.

"తప్పు ఎవరిదీ కాదు. ముందువైపు కెమెరా నిన్ను అద్దంలోలాగా చూపింది. అద్దంలో కుడిమెలిక ఎడమమెలిక అవుతుంది. తలకిందులు చేసినా మళ్ళీ మామూలు కాదు," అన్నాను.

"అంటే ఇన్నాళ్ళూ మేం చూసింది అద్దంలో అక్కనా?" అన్నాడు మంచుబొట్టు.

"మరి ఇక్కడ మంట ఉందా?" అని అడిగింది చెల్లెలు.

పక్క గదిలో దుప్పటి కప్పిన బల్ల ఒకటి ఉంది. పాత గాజు పనివాడు వెళ్ళిపోయాక దాన్నెవరూ ముట్టలేదట. మంట వెలిగింది. గది గోడలు నీలంగా, తర్వాత తేనెరంగుగా మారాయి. కిటికీ అవతల ప్రపంచం అనేదే లేదు. ఆమె ఈసారి అలవాటుకు ఎదురుగా, చేతులను బతిమాలుతున్నట్లు చుట్టింది. మంచుబొట్టు పిల్లవాడిలా గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. చల్లారిన మెలిక కడ్డీ మీదికి చప్పుడు లేకుండా ఎక్కింది. కిటికీలోంచి పొగమంచులోకి పెడితే, కాసేపటికి దాని చివర ఒక చుక్క నిండి, ఊగి, జారింది.

"మీకు నెలాఖరుతో పని అయిపోతుందని రాశారు కదక్కా. మా డైరెక్టరు గారిని ఉదయమే అడిగాను. ఈ గది మీకిస్తామన్నారు, జీతంతో. ఉంటారా?"

చెల్లెలు తడి వేలు గాలిలో పట్టుకుని, చల్లగాలి ఎటునుంచి వస్తున్నదో చూసుకుంది.

"కిటికీ పక్కనుంటే మంట ఊగుతుంది," అంది. "అన్నయ్యా, ఆ చివర పట్టుకో. బల్లను గోడవైపు జరుపుదాం."