చేతికిచ్చే కూలి

గొడ్డలి పదును చూడాలంటే హుసేన్ వలి ఎడమ ముంజేతి మీది వెంట్రుకలు గీకి చూసేవాడు. నలభై ఏళ్ళ అలవాటు. ఇప్పుడా వెంట్రుకలు నెరిసి, పలచబడి, తెగాయో లేదో కంటికి ఆనడం లేదు. అయినా గీకాడు. తృప్తిగా తలాడించి, గొడ్డలిని రావిచెట్టు మొదలుకు ఆనించి, భుజానున్న తాడు చుట్ట దించాడు.

ఓర్వకల్లు గుట్టలకు అవతల రాళ్ళ మధ్య ఇరుక్కున్న చిన్న పల్లె అది. రామలక్ష్మమ్మ మిద్దె వెనకగోడను ఆనుకుని లేచింది ఆ రావి. ఎవరూ నాటలేదు. ఏ కాకి రెట్టలోనో వచ్చి పడి ఉంటుంది. ముప్పై ఏళ్ళుగా దాని వేరు గోడరాళ్ళను ఒక్కొక్కటే పక్కకు నెట్టుకుంటూ వచ్చింది. పోయిన వానలకు గోడ కడుపుతో ఉన్నదానిలా ఉబ్బింది. ఆ గోడ కిందే రామలక్ష్మమ్మ కోడలూ ఇద్దరు మనవలూ పడుకుంటారు.

చెట్టు కొట్టక తప్పదు. కానీ రావిచెట్టు మీద ఆ పల్లెలో ఎవడు గొడ్డలి ఎత్తుతాడు? అలాంటప్పుడే కర్నూల్లో ఉన్న హుసేన్ వలికి కబురు వెళ్తుంది. అదే దర్గా పక్కన చింతచెట్టో, గోరీల మీదికి వాలిన వేపచెట్టో కొట్టాల్సి వస్తే సాయిబులు మాన్లు కొట్టే పెద్ద ఈరన్నను పిలిపించుకుంటారు. ఒకరి దేవుడి పాపం ఇంకొకరికి అంటదని రెండు వైపులా ఓ నమ్మకం. తమకు అనుకూలంగా ఉండే నమ్మకాలను మనుషులు అంత తేలిగ్గా వదులుకోరు. హుసేన్ వలీ ఈరన్నా ఒకే పేటలో ఉండేవాళ్ళు, ఒకే బీడీని చెరిసగం తాగేవాళ్ళు. "నీ పాపం నేను మోస్తాండా, నా పాపం నువ్వు మోస్తాండావు. దేవుళ్ళిద్దరూ మనల్ని యాడ వెతుకుతారో ఏమో" అని ఈరన్న నవ్వేవాడు.

మామూలు మానుకు కొట్టుకూలి రూపాయి. రావికి మూడు. పైన ఆ రెండు రూపాయలూ పాపానికి. దానికో పద్ధతి కూడా ఉంది. చెట్టు పడేదాకా ఇంటివాళ్ళు ఇంట్లో ఉండరు, చూడలేదని చెప్పుకోవడానికి. కొట్టేవాడికి ఆ పూట నీళ్ళు పోయరు. కట్టెలో పుల్లముక్క కూడా పొయ్యిలో పెట్టరు. సాయంత్రం ఈరన్న బండి వచ్చి ఇటికెల బట్టీకి తోలుకుపోతుంది. కూలి చేతికివ్వరు. కొట్టిన మొద్దు మీద పెట్టి, వెనక్కి చూడకుండా లోపలికి పోతారు. వాడు అక్కణ్ణుంచి ఏరుకోవాలి.

పొద్దున్నే రామలక్ష్మమ్మ పశువుల పలుపులు విప్పుతూ, ముఖం పక్కకు తిప్పుకునే అడిగింది.

"మూడు రూపాయలే గదప్పా? ముందు మాదిరే?"

"రెండున్నర ఇయ్యమ్మా, సాలు."

ఆమె అనుమానంగా చూసింది. "ఏమప్పా, నువ్వే తగ్గిస్తాండావు? చెట్టులో ఏమన్నా ఉండాదా?"

"చెట్టులో ఏముంటాది? అర్ధ రూపాయి తగ్గించుకుంటా. దుడ్లు మొద్దు మీద పెట్టొద్దు. నా చేతికియ్యి."

రామలక్ష్మమ్మ చేతిలో పలుపు అలాగే ఉండిపోయింది.

"తాకే పని లేదు. పైనుంచి వేసినా సరే. చేతిలో పడితే సాలు" అన్నాడు హుసేన్ వలి, నేల చూస్తూ.

"ఇన్నేండ్లు లేనిది ఇప్పుడేందప్పా?"

"ముసిలోణ్ణయినా గదమ్మా. ఇదే ఆఖరు మాను."

అర్ధ రూపాయంటే కోడలి మూడు రోజుల కలుపుకూలి. దాన్నీ, పాపాన్నీ రామలక్ష్మమ్మ కాసేపు తూచుకుంది. "సరే. సందేళకు వస్తా. చేతికే ఇస్తాలే" అని, తలుపుకు తాళం వేసి, కోడల్నీ మనవల్నీ పశువుల్నీ తోలుకుని చేనికి వెళ్ళిపోయింది.

హుసేన్ వలికి ఎంత సంతోషం కలిగిందంటే, అంత చిన్న మాటకు అంత సంతోషపడినందుకు తనకే సిగ్గనిపించింది.

ఆ కోరిక వెనక ఓ ఇత్తడి చెంబు ఉంది. చెట్టు కొట్టి ఇంటికి వెళ్ళినప్పుడల్లా అతని భార్య షంషాద్ బీ ఆ చెంబుతో వాకిట్లోకి వచ్చేది. కూలి దుడ్లు ఆమె కొంగులో పోస్తే, ఓ మూలకు పోయి వాటిని నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, తర్వాతే కుండలో వేసుకునేది. వాళ్ళకు ఇద్దరు పిల్లలు పుట్టారు. ఇద్దరూ నడక నేర్వకముందే పోయారు. షంషాద్ బీ ఏనాడూ చెట్ల మాట ఎత్తలేదు. మొగుణ్ణి పల్లెత్తు మాట అనలేదు. దుడ్లు మాత్రం కడిగేది. ఆ నీళ్ళ చప్పుడు వినిపించినప్పుడల్లా హుసేన్ వలికి లోపలెక్కడో కోసినట్టుండేది. ఒక్కసారి, ఒక్క కూలి, మనిషి చేతి నుంచి మనిషి చేతికి వచ్చింది తెచ్చి, "ఇవి కడగాల్సిన పని లేదు" అని ఆమెకు ఇవ్వాలి. తెల్లవారుజామున బండి మీద తనను దింపుతున్నప్పుడు ఈరన్నకు ఆ మాటే చెప్పాడు. ఈరన్న దానికి మాత్రం నవ్వలేదు.

చెట్టు చుట్టూ ఎవరో చుట్టిన పసుపుదారం ఉంది. దాన్ని తెంపకుండా ముడి విప్పి, గోడ మీద పెట్టాడు. బిస్మిల్లా అనుకుని చెట్టెక్కాడు.

ముందు మిద్దె మీదికి వాలిన కొమ్మలు. ఒక్కోదానికి తాడు బిగించి, సగం నరికి, మెల్లగా వదిలేవాడు. మిద్దె మట్టి పెళ్ళ కూడా రాలకూడదు. ఆకులు గలగలమంటూనే కిందికి దిగాయి. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి చెట్టు బోడి అయింది. కిందికి దిగి సొరబుర్రలో నీళ్ళు రెండు గుక్కలు తాగాడు. ఎడమ భుజం లాగుతోంది. తాడు ఒరుసుకుని ఉంటుందనుకున్నాడు.

మొదలు నరకడం మొదలుపెట్టాక రావి పాలు కారాయి. తెల్లగా, చిక్కగా గొడ్డలికీ వేళ్ళకీ అంటుకున్నాయి. పెంటదిబ్బ వైపు గాటు వేసి, వెనక నుంచి కొట్టాడు. పదిహేను దెబ్బలకోసారి ఆగాల్సి వచ్చింది. వయసులో ఉన్నప్పుడు నూటికోసారి ఆగేవాడు. ఎండ గుట్టల మీద నుంచి జారేవేళకు మాను ఓసారి మూలిగి, ఎక్కడ పడాలనుకున్నాడో అక్కడే, పెంటదిబ్బ మీద పడింది. మోకాలెత్తు మొద్దు మిగిలింది. గోడ చెక్కు చెదరలేదు. చూసి మెచ్చుకోవడానికి ఎవరూ లేరు. అతనే మెచ్చుకున్నాడు.

గొంతు ఎండిపోయింది. సొరబుర్ర ఊపి చూశాడు. అడుగున ఓ గుక్క నీళ్ళున్నాయి. ఎత్తబోయి, చేతులు చూసుకున్నాడు. పాలకు మట్టి అంటి, వేళ్ళు నల్లగా, జిగటగా ఉన్నాయి. ఈ చేతిలో ఏ ఆడమనిషి దుడ్లు వేస్తుంది? దోసెడు బూడిదమన్ను తీసుకుని అరచేతులు గట్టిగా రుద్దాడు. ఆ గుక్కెడు నీళ్ళూ కుడిచేతి మీద పోసుకుని కడుక్కున్నాడు. చెయ్యి శుభ్రమైంది.

మొద్దు పక్కనే పశువుల గాడికి చేరగిలబడి, కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. ఎడమచేతి తిమ్మిరి దవడ దాకా పాకింది. దాని పాటికి దాన్ని వదిలేశాడు. కుడిచేతిని మోకాలి మీద వెల్లకిలా పెట్టుకున్నాడు, ఆరాలని. దూరంగా చేను దారిలో గంటల చప్పుడు వినిపించింది. వస్తాంది, అనుకున్నాడు.

రామలక్ష్మమ్మ మిగతావాళ్ళను వెనక విడిచి ముందుగా వచ్చింది. కొంగున కట్టిన దుడ్లను దారి పొడవునా తడుముకుంటూనే ఉంది. ఎంత ఎత్తు నుంచి వెయ్యాలి, వేశాక చెయ్యి దేనితో కడుక్కోవాలి అని ఆలోచిస్తూ వచ్చింది. పెరట్లోకి అడుగు పెట్టేసరికి ముసలాయన తల వాల్చి నిద్రపోతున్నాడు. ఆమె గుండెల మీద బరువు దిగింది.

"హుసేనప్పా" అని ఒక్కసారి, సన్నగా పిలిచింది. లేపడానికి కాదు, పిలిచానని చెప్పుకోవడానికి. కొంగు ముడి విప్పి, రెండు రూపాయలూ ఒక అర్ధా మొద్దు మీద పెట్టి, వెనక్కి చూడకుండా లోపలికి పోయింది.

దీపం పెట్టేవేళకు పెద్ద ఈరన్న బండి వచ్చింది. ఎడ్లను ఆపి, గాడి దగ్గరికి నడిచి, స్నేహితుడి భుజం తట్టాడు. మళ్ళీ తట్టాడు. తర్వాత అతని పక్కనే కూలబడ్డాడు. చప్పుడు విని రామలక్ష్మమ్మ గడపలోకి వచ్చింది.

"నిద్రపోతాండాడనుకుంటినప్పా" అంది. "దుడ్లు పెట్టినా. ఆడ ఉండాయి. తీసుకపోయి వాళ్ళింట్లో ఇయ్యి."

ఈరన్న మొద్దు వైపు చూశాడు. మోకాలి మీద తెరిచి ఉన్న చేతిని చూశాడు.

"చేతికిస్తానంటివి గదమ్మా."

ఆమె ముడి విప్పిన ఖాళీ కొంగును తడుముకుంది.

"షంషాద్ బీకి నేను ఏమని ఇయ్యాల? ఇవి గూడా కడుక్కోమని ఇయ్యాల్నా?"

అతను దుడ్లు ముట్టుకోలేదు. గొడ్డలీ తాడూ బండిలో వేసి, వరిగడ్డి పరిచి, చేలోంచి వచ్చిన ఇద్దరు మగవాళ్ళ సాయంతో హుసేన్ వలిని ఎక్కించాడు. నరికిన కట్టె అలాగే ఉండగా బండి కదిలిపోయింది.

రామలక్ష్మమ్మ చాలాసేపు గడపలోనే నిలబడింది. తర్వాత లోపలికి పోయి, కుండలోంచి ఇంకో అర్ధ రూపాయి తీసి తెచ్చి, వాటి పక్కన పెట్టింది.

తెల్లవారి చూస్తే మొద్దు మీద పాలు ఆరిపోయి గట్టిపడ్డాయి. ముందు పెట్టిన మూడు బిళ్ళలూ దానికి అంటుకుపోయి ఉన్నాయి. తర్వాత పెట్టిన ఆ అర్ధ రూపాయి ఒక్కటే విడిగా ఉంది.