అక్క చక్రం

ఆదివారం ఆయన సైకిలు తొక్కి వచ్చాక నాకు పని మొదలవుతుంది. నేనూ ఆయనతోపాటే తొక్కి వస్తాను. ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. ఇద్దరం ఒకే గేటులోంచి లోపలికి వస్తాం, ఇద్దరి వీపులూ ఒకేలా తడిసి ఉంటాయి. ఆయన హెల్మెట్టు కుర్చీలో పడేసి, పెడల్‌కి క్లిక్కుమని అతుక్కునే ఆ బూట్లు గుమ్మంలో విడిచి, తువ్వాలు అడుగుతూ స్నానానికి వెళతారు. నేను పంట్లాం అంచుకి పెట్టుకున్న బట్టల క్లిప్పు తీసేసి పొయ్యి వెలిగిస్తాను. టిఫిన్లయ్యాక ఆయన తొడుక్కున్నవన్నీ చేత్తో ఉతకాలి. అడుగున మెత్త కుట్టిన ఆ బిగుతు నిక్కరుని మెషీన్లో వేయకూడదట. చల్లటి నీళ్ళలో నానబెట్టి, మెల్లగా పిండి, నీడలో ఆరేయాలి. పసిపిల్లల బట్టల్లా చూసుకోవాలి సుమా అని కొన్నరోజే చెప్పారు. పసిపిల్లల బట్టలు నేను ఉతికాను. అవి ఇంతకన్నా మొరటుతనాన్ని తట్టుకుంటాయి.

నాకూ అలాంటి నిక్కరు కావాలని ఒకసారి అడిగాను. గంటసేపు సీటు మీద కూర్చుంటే ఎక్కడ ఒరుసుకుపోతుందో ఆయనకి తెలుసు కాబట్టే అడిగాను. "వారానికో రోజు తొక్కే దానికి ఇదంతా ఎందుకు? అలవాటైతే నొప్పి అదే పోతుంది" అన్నారు. మా అత్తగారు పక్క గదిలోంచి ఆ మాట విని నవ్వారు. ఆవిడకి ఆ వాక్యం తెలుసు. ఆవిడ చేత కూడా ఎవరో ఎప్పుడో దాన్ని బట్టీ పట్టించే ఉంటారు.

ఉతుకుడు అయ్యాక రెండు సైకిళ్ళూ తుడవాలి. ఈ పని నాకు ఎలా వచ్చి పడిందో చెప్పడం కష్టం. నీది ఎలాగూ తుడుచుకుంటావుగా, ఆ చేత్తోనే నాదీ అన్నారు ఒక వారం. తర్వాతి వారం ఆ మాట కూడా అనలేదు. పాత పళ్ళ బ్రష్షుతో చైను రుద్దడం, గుడ్డ పేలికని వెనక ఇరుసు మీద దొంతరగా ఉండే ఫ్రీవీలు పళ్ళ మధ్య దూర్చి అటూ ఇటూ లాగడం, లీవరు తిప్పి చక్రం ఊడదీసి మళ్ళీ బిగించడం, అన్నీ నేర్చుకున్నాను.

ఆ ఆదివారం వర్షంలో తడిసి వచ్చాం. బురద ఇరుసు దాకా పట్టేసింది. ఆయన సైకిలు వెనక చక్రం ఊడదీసి, ఒళ్ళో పాత దుప్పటి పరుచుకుని, స్పోకుల మధ్యకి బ్రష్షు పోనిచ్చి కిరోసిన్‌తో రుద్దుతున్నాను. ఎప్పుడూ అంత లోపలికి తుడవను. నల్లటి జిడ్డు వదిలి ఇరుసు తెల్లబడుతుంటే, ఒకచోట ముదురు ఎరుపు చుక్క కనిపించింది. తుప్పేమో అనుకుని గోటితో గీకాను. ఊడలేదు. వెలుతురుకి తిప్పి చూశాను. గోళ్ళ రంగు.

అది మా అక్క చుక్క.

అక్క నర్సు. గుట్ట మీది పెద్దాసుపత్రిలో చేసేది. నర్సుల గదిలో ఏ వస్తువూ పెట్టినచోట ఉండదు. కత్తెరలు, పెన్నులు, టిఫిను డబ్బా మూతలు, గొడుగులు అన్నీ ఎవరో ఒకరి చేతికి వెళ్ళిపోతాయి. అడిగితే, ఇది మీదా, పడి ఉంటే తీసుకున్నానండీ అంటారు. అందుకని అక్క ఒక గోళ్ళ రంగు సీసా కొని, తనవన్నీ ముందేసుకుని ఒక్కో దాని మీదా ఒక చుక్క పెట్టింది. ఆ పనిలో గోళ్ళకి రంగు వేసుకోనివ్వరు. అక్క ఆ సీసా తెరిచింది వస్తువుల కోసమే. తన తాళంచెవి మీద, చెప్పుల అడుగున, కళ్ళజోడు కొస మీద ఆ చుక్క ఉండేది. "నన్ను ఎవరైనా ఎత్తుకుపోతే గుర్తుపట్టడానికి నా మీదే చుక్క లేదు చూడు" అని నవ్వేది.

అక్క పెళ్ళి చేసుకోలేదు. రోజూ సైకిలు మీదే ఆసుపత్రికి వెళ్ళేది. గుట్ట దారి ఎంత నిట్టనిలువుగా ఉంటుందంటే, బస్సు కూడా మలుపు దగ్గర మూలుగుతుంది. ఆ ఎత్తు అక్క రోజూ ఎక్కేది. బంధువులందరూ ఆవిడని ఉక్కు మనిషి అనేవాళ్ళు. ఆ మాట మెచ్చుకోలని చాలాకాలం అనుకున్నాను. అమ్మ మంచాన పడ్డప్పుడు ఉక్కు మనిషి చూసుకుంటుందిలే అన్నారు. పండగకి ఎవరూ డ్యూటీకి రాకపోతే, ఆవిడకేం, స్ట్రాంగు అన్నారు. భుజం లాగేస్తోందని అక్క వారంపాటు చెప్పినా నీకేంటమ్మా అన్నారు. పగలు డ్యూటీకీ రాత్రి డ్యూటీకీ మధ్య, నర్సుల గదిలో కుర్చీలో కూర్చుని, అక్క మళ్ళీ లేవలేదు.

సెలవు అడగడానికి వెళితే మా హెడ్మాస్టరు రూలు తీసి చూపించారు. దగ్గరి బంధువుల్లో అక్కచెల్లెళ్ళు లేరు మేడమ్, భర్త తరఫువాళ్ళైతే ఇవ్వొచ్చు అన్నారు. మర్నాడు ఎనిమిదో తరగతికి వెళ్ళి పాఠం చెప్పాను. గొంతు వణకలేదు. మీరు చాలా స్ట్రాంగు మేడమ్ అన్నారు హెడ్మాస్టరు, మెచ్చుకుంటూ.

అక్క సైకిలుని మా ఆయనే మా ఇంటికి తెచ్చారు. సర్వీసు చేయించా, తొక్కు, కాస్త మనసు మళ్ళుతుంది, ఒళ్ళు కూడా తగ్గుతుంది అన్నారు. ఆ పూట ఆయన మీద నాకు కృతజ్ఞత కలిగింది. అది ఇప్పుడు గుర్తొస్తే చెంప పగలగొట్టినట్టుంటుంది.

నాకు కావలసింది ఒక్కటే. అక్క సైకిలు మీద, అక్క వెళ్ళిన దారిలో, కాలు కింద పెట్టకుండా ఆసుపత్రి గేటు దాకా వెళ్ళాలి. దాని వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. అయినా అదే కావాలనిపించింది. ఆదివారం తర్వాత ఆదివారం ప్రయత్నించాను. మలుపు దగ్గర బస్సు షెల్టరు వచ్చేసరికి తొడలు రాళ్ళైపోయేవి. పెడల్ దిగేది కాదు. అన్నిటికంటే తేలిక గేరు వేసినా దిగేది కాదు. సైకిలు దిగి తోసుకుంటూ వెళ్ళేదాన్ని. ఆయన పైన గోడ మీద కూర్చుని, సీసాలో నీళ్ళు తాగుతూ, ఫోనులో టైము చూస్తూ ఉండేవారు. చెమట కూడా ఆరిపోయి ఉండేది. "దమ్ము అనేది పుట్టుకతో రావాలి. మీ అక్క వేరు, నువ్వు వేరు" అనేవారు. ఇంటికొచ్చాక అదే అత్తగారికి నవ్వుతూ చెప్పేవారు. ఆవిడ నా పళ్ళెంలో ఇంకాస్త వడ్డిస్తూ, తినమ్మాయ్, అందరికీ అంత గుండె ఉండదు అనేవారు.

నేను నమ్మాను. ఏ ఆదివారం కూడా, తప్పు కాళ్ళది కాదేమోనన్న ఆలోచన నాకు రాలేదు.

దుప్పటి మీద ఆ చక్రాన్ని అటూ ఇటూ తిప్పి చూశాను. దాని ఫ్రీవీల్లో ఉన్న పళ్ళ చక్రాలన్నిటికంటే పెద్దది నిజంగానే భోజనం పళ్ళెమంత ఉంది. అప్పుడు గుర్తొచ్చింది. అక్క బతికున్నప్పుడు ఒకసారి ఆయన, ఆయన సైకిలు స్నేహితులు మా గేటు దగ్గర నిలబడి, వదినగారు వెనకాల పళ్ళెం కట్టుకుని తిరుగుతున్నారే అని నవ్వారు. మగవాళ్ళు అలాంటిది వేసుకుంటే పరువు పోతుందట. అక్క మొహం కూడా ముడుచుకోలేదు. "నవ్వండి మరిదిగారూ. రాత్రంతా నిలబడ్డ కాళ్ళు మీకు లేవుగా. దీంతో వేగం సంగతి మరిచిపోయి కాళ్ళు తిప్పుకుంటూ పోతే ఎంత ఎత్తైనా ఎక్కేయొచ్చు" అంది. పళ్ళెమంటే పెడల్ దగ్గరుండే పెద్ద చక్రమని అప్పట్లో అనుకున్నాను. తర్వాత ఆయన సైకిలు తుడిచేటప్పుడు వెనకున్న పెద్దది చూసి, ఇది బాగా తొక్కగలిగినవాళ్ళకి, బరువైనది కాబోలు అనుకున్నాను. పెద్దది ఏదైనా ఆయన దగ్గరుంటే నాకు సహజంగానే కనిపించేది.

లేచి, అక్క సైకిలుకి ఇన్నాళ్ళూ ఉన్న ఆయన వెనక చక్రం ఊడదీశాను. అక్క చక్రం అందులో పెట్టాను. తన గూట్లోకి తాను వెళ్ళినట్టు వెళ్ళి కూర్చుంది. మా అపార్టుమెంటు కింద కార్లు దిగే ఏటవాలు ఉంది. పిల్లలు స్కేటింగు చేస్తుంటే పడిపోతారని వాచ్‌మన్ అరిచే చోటు. ఆ పెద్దదాని మీదకి చైను ఎక్కించి, ఏటవాలు కింద నుంచి తొక్కాను. కాళ్ళు గిర్రున తిరిగాయి. సైకిలు నెమ్మదిగా, బరువేమీ లేనట్టు పైకి వచ్చేసింది. నమ్మలేక ఆయన చక్రం పెట్టి మళ్ళీ తొక్కి చూశాను. సగంలో తొడలు రాళ్ళయ్యాయి. ఆ రాయి నాకు బాగా తెలుసు. ప్రతి ఆదివారం మోసిందే.

మాటలు జాగ్రత్తగా వాడడం నా ఉద్యోగం. క్లాసులో ఒకమ్మాయి రబ్బరు ఇంకొకడి సంచీలో దొరికితే, దొంగ అన్న మాట నేను వాడను, ఎవర్నీ వాడనివ్వను. అడక్కుండా తీసుకున్నావు, తిరిగి ఇచ్చెయ్ అంటాను. తిరిగిచ్చినవాడు తల దించుకుంటాడు. ఇంట్లో దీన్ని సర్దుబాటు అంటారు. ఇక్కడ తల దించుకోవలసింది రబ్బరు పోగొట్టుకున్న అమ్మాయే.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అడిగాను. అక్క చక్రం మీ సైకిలుకెందుకుంది అన్నాను. ఏ చక్రం అన్నారు. తర్వాత, ఓ అదా అన్నారు. మోకాలు నొప్పెడుతుంటే డాక్టరు తేలిక గేరు వాడమన్నాడని, అది ఖాళీగా పడి ఉంది కదా అని సర్వీసప్పుడు మార్పించానని చెప్పారు. స్నేహితులకి డాక్టరు సంగతి చెప్పుకున్నారట, వాళ్ళు నవ్వలేదట.

"నాకు చెప్పలేదు."

"చెప్పడానికేముంది? నీకెలాగూ తేడా తెలియదు కదా అనుకున్నా."

అత్తగారు గిన్నె జరుపుతూ, చక్రాలన్నీ గుండ్రంగానే ఉంటాయి కదమ్మాయ్, దీనికో పంచాయితీనా అన్నారు.

అది నిజంగా హాస్యమే. ఇంకో రోజైతే నవ్వి ఉండేదాన్ని. ఆయన వైపే చూస్తూ అన్నాను. "ప్రతి వారం మలుపు దగ్గర నేను దిగిపోతుంటే, ఎందుకు దిగుతున్నానో మీకు తెలుసు."

ఆయన ముద్ద కలపడం ఆపారు. ఆయనకి అబద్ధం చెప్పే అలవాటు లేదు. ఎప్పుడూ అవసరం పడలేదు. "తెలిస్తే మాత్రం? ఆ గుట్ట ఎక్కి నువ్విప్పుడు ఏం సాధించాలి చెప్పు" అన్నారు, చిరాగ్గా కూడా కాదు, అనునయంగా. పెరుగు అందుకోమన్నారు.

అందించాను. ఆ సంగతి కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను. చెయ్యి దానంతటదే వెళ్ళి అందించింది. అప్పుడు నాకు నా చెయ్యి మీద వచ్చినంత కోపం ఆయన మీద కూడా రాలేదు.

సాయంత్రం ఆయన సైకిలు తుడవలేదు. అక్క చక్రాన్ని అక్క సైకిలుకే బిగించి, బురద పట్టిన ఆయన చక్రాన్ని ఆయన సైకిలు పక్కనే గోడకి ఆనించి, పైన పళ్ళ బ్రష్షు పెట్టాను. తడి నిక్కరు బక్కెట్లోనే ఉండనిచ్చాను.

సోమవారం తెల్లవారుతుంటే బయల్దేరాను. ఎవరినీ లేపలేదు, పొయ్యి వెలిగించలేదు. స్కూలు చీర మడిచి సంచీలో పెట్టుకున్నాను. గుట్ట మొదట్లో చైనుని పళ్ళెం మీదకి ఎక్కించి, అక్క చెప్పినట్టే, వేగం సంగతి మరిచిపోయి కాళ్ళు తిప్పడం మొదలుపెట్టాను. పాలవ్యాను నన్ను దాటింది. నడిచి వెళుతున్న ఒక ముసలాయన ఇంచుమించు నాతో సమానంగా వచ్చాడు. మలుపు వచ్చింది. బస్సు షెల్టరు వచ్చింది. దాని వెనక ఒక పిచ్చిమొక్కల గోడ, ఒక మందుల దుకాణం, ఒక నీళ్ళ ట్యాంకు ఉన్నాయని అప్పుడే చూశాను. ఎప్పుడూ ఆ చోట తల వంచుకుని తోసుకుంటూ పోయినదాన్ని. ఊపిరి అందుతూనే ఉంది. ఆసుపత్రి గేటు వచ్చేసింది.

సంతోషం వస్తుందనుకున్నాను. ఏడుపైనా వస్తుందనుకున్నాను. ఇంత తేలికా అనిపించింది. ఇంత తేలికైనదాన్ని బరువు చేసి ఇన్నాళ్ళు నా చేత మోయించారా అనుకుంటూ సైకిలు దిగాను. అక్కది ఉక్కు గుండె కాదు. అక్కకి తన కాళ్ళ అలసట తెలుసు, దానికి తగ్గ చక్రం తనే ఎంచుకుంది. ఆ మాట ఎవరికీ పనికిరాలేదు. ఆవిడ బలమైనదని చెప్పి సాయం చేయలేదు, నేను బలహీనురాలినని చెప్పి తీసేసుకున్నారు. మా ఇద్దరికీ పెట్టిన పేర్లు వేరు. ఇద్దరి చేతా చేయించుకున్నది ఒక్కటే.

గేటు పక్క సిమెంటు బెంచీ మీద కూర్చున్నాను. రాత్రి డ్యూటీ నర్సులు ఒక్కొక్కరూ బయటికి వస్తున్నారు, చెప్పులీడుస్తూ. అక్క సీటు కింద ఉండే చిన్న సంచీ తెరిచాను. పంక్చరుకి వేసే రబ్బరు ముక్కలు, ఒక స్పానరు, వాటి అడుగున ఆ గోళ్ళ రంగు సీసా ఉన్నాయి. మూత బిగుసుకుపోయింది. పళ్ళతో పట్టి తిప్పాను. లోపల రంగు చిక్కబడింది గానీ ఎండలేదు.

సైకిలు మీద కొత్తగా పెట్టాల్సిన పని లేదు, దానికి అక్క చుక్క ఉంది. ఎడమచేతి బొటనవేలు చాచి, గోరు మధ్యలో నేను ఒక చుక్క పెట్టుకున్నాను.

అప్పుడే చీర పెట్టుకున్న సంచీలో ఫోను మోగింది. ఇంటి నుంచి. టిఫిను సంగతో, బక్కెట్లో నిక్కరు సంగతో. రంగు ఇంకా తడిగా ఉంది, తాకితే చెరిగిపోతుంది. మోగనిచ్చాను. ఆగిపోయి, కాసేపటికి మళ్ళీ మోగింది. వేలు తాకి చూసుకున్నాను. రంగు ఎండిపోయింది.

అయినా ఫోను తియ్యలేదు.