గొంతునొప్పే కదా

"జ్వరం తగ్గిపోయిందిగా, ఇంకా ఆ మాత్రలెందుకు?" అన్నాడు భర్త, షూ లేసులు కట్టుకుంటూ. ఆమె కూతురు బుజ్జి టిఫిన్ డబ్బా మూత బిగించి, ఆరో రోజు మాత్ర చిదిమి చెంచాలో కలుపుతోంది. పది రోజులూ వాడాల్సిందేనంది. ల్యాబులో పనిచేస్తే డాక్టరైపోయినట్టేనా అని అత్తగారు లోపల్నుంచి నవ్వారు. పదకొండేళ్లుగా వింటున్న మాటే గనక కోపం రాలేదు.

పోయిన వారం బుజ్జి గొంతులో దూదిపుల్ల తిప్పి నమూనా తీసింది తనే. దాన్ని రక్తం కలిపిన ప్లేటు మీద రుద్ది మర్నాడు చూస్తే, మొలిచిన చుక్కల చుట్టూ ఎరుపంతా కరిగి తేటపడి ఉంది. రంగు వేసి మైక్రోస్కోపు కింద పెడితే ఊదారంగు పూసలు, దండ గుచ్చినట్టు. స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా. ల్యాబులో పక్కనున్న కొత్తమ్మాయికి అలవాటుగా వివరించబోయింది: గుత్తులుగా కనిపిస్తే స్టెఫిలో, సెగగడ్డలు తెచ్చేది. దండలుగా ఉన్న ఈ రకానికి మందు సరిగ్గా పడకపోతే, కొందరు పిల్లలకి రెండు మూడు వారాల్లో కీళ్లు వాస్తాయి, గుండె కవాటాలు దెబ్బతింటాయి. వందసార్లు చెప్పిన పాఠమే. ఆ రోజు మాత్రం మధ్యలో ఆపి, తన మోకాలు తడుముకుంది.

చిన్నప్పుడు, తనకి తొమ్మిదేళ్లు. అన్నయ్యకీ తనకీ ఒకేసారి గొంతు పట్టేసింది. అన్నయ్యని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. తనని ఉప్పునీళ్లు పుక్కిలించమన్నారు. గొంతునొప్పే కదా, దానికే మంచమెక్కాలా అంది అమ్మ. మూడు వారాలకి మోకాళ్లు వాచాయి, అవి తగ్గితే మణికట్లు. పని తప్పించుకోడానికి ఎన్ని వేషాలో అని ఇంట్లో అందరూ నవ్వారు. తనూ నవ్వింది. నిజంగా బద్ధకమేననుకుంది. ముప్పై ఏళ్లుగా ఆ బద్ధకానికి సిగ్గుపడుతూ, అది బయటపడకుండా అందరికంటే ముందు లేచి, అందరికంటే ఎక్కువ చాకిరీ చేసింది. ఇప్పుడు రెండంతస్తులు ఎక్కితే ఆయాసం. ఒళ్లు తగ్గించమంటాడు భర్త.

నిన్న అమ్మకి ఫోన్ చేసి, అప్పుడు నాకెందుకు మందు ఇప్పించలేదని అడిగింది.

"వాడు తట్టుకోలేడే. నువ్వు ఓర్చుకునేదానివి" అంది అమ్మ, ఏడుపు గొంతుతో.

బుజ్జి మందు మింగి మొహం చిట్లించింది. ఆమె చెంచా కడిగి, సాయంత్రం రావడం ఆలస్యమవుతుంది, గుండె డాక్టరు దగ్గరికి వెళ్తున్నానని చెప్పింది.

"ఎవర్ని తీసుకెళ్తున్నావు?" అన్నాడు భర్త. అతని తప్పేం లేదు, ఇన్నేళ్లలో ఆమె ఆస్పత్రికి వెళ్లిందంటే ఎవరో ఒకర్ని తీసుకెళ్లడానికే.

"నన్ను" అంది.