బతికున్న కొండకు చావుపాట

గని కోసం పెట్టిన ప్రజాభిప్రాయ సభలో కొండ మీది ఊరి పెద్దమ్మ అధికారి చేతిలోంచి మైకు లాక్కున్నప్పుడు నేను పదడుగుల దూరంలో ఉన్నాను. "కొండ మాది. ఇవ్వం" అంది. రెండే ముక్కలు. అధికారి మైకు వైరు పీకించాడు. అడ్డొచ్చిన ఆమె కొడుకును పోలీసులు జుట్టు పట్టుకుని ఈడ్చుకుపోయారు. మర్నాడు పేపర్లో 'గనికి జనామోదం' అని వేశారు. సిగ్గులేని రాతలు!

నాది సినిమాలకు సౌండు రికార్డు చేసే పని. డైరెక్టరూ నేనూ ఆర్నెల్లు ఆ కొండవాళ్ల మధ్య తిరిగి సినిమా తీశాం. కాలేజీల్లో, హాళ్లలో ఎన్నిసార్లు వేశామో! అందరూ కళ్లు తుడుచుకుని, చప్పట్లు కొట్టి, ఇళ్లకు పోయారు. గని కోసం కొండను పేల్చడం మాత్రం ఆగలేదు. నిజం చెప్పొద్దూ, నేను అలిసిపోయాను.

చివరికి లారీ డ్రైవర్ల యూనియన్ షెడ్డులో వేశాం. సోమవారం నుంచి ఖనిజం మోయాల్సింది వాళ్లే. వాళ్లు బండి తీస్తే కొండ పోయినట్టే. పెద్దమ్మనూ వెంట తీసుకెళ్లాం. తన సినిమా తను చూడడం ఆమెకు అదే మొదలు.

సినిమా ఆఖర్లో కొండ పేలుతుంటే ఆమె పాట వినిపిస్తుంది. డ్రైవర్లు ముక్కులు ఎగబీలుస్తున్నారు. పెద్దమ్మ దిగ్గున లేచింది.

"ఆపండ్రా! ఎవడు పెట్టాడీ పాట?"

"నేనే, పెద్దమ్మా. నువ్వు పాడిందే కదా?"

"మా ఆయన్ని పూడ్చిన రోజు పాడాను. శవం మీద మట్టేశాక పాడే పాట నాయనా అది! బతికున్న కొండను చంపేసి ఊరూరా తిప్పుతున్నావా?"

నా తల కొట్టేసినట్టయింది. గొంతు బాగుందని పెట్టుకున్నానే తప్ప, అది ఏ పాటని ఒక్కనాడూ అడగలేదు.

యూనియన్ నాయకుడు మీసాలన్న విసుగ్గా అన్నాడు: "పాట సంగతి తర్వాత. మేం మొయ్యకపోతే ఇంకొకడు మోస్తాడు. నా పిల్లలకు నువ్వు పెడతావా తిండి?"

"ఎక్కణ్ణుంచి పెట్టను?" అంది పెద్దమ్మ. "కొండ పోయాక మేమందరం ఈ షెడ్డు ముందే కూలికి నిలబడతాం. మా కుర్రాళ్లు స్టీరింగు నేర్చుకుని నీ జీతంలో సగానికే వస్తారు. అప్పుడు నిన్నెవడు పిలుస్తాడు?"

వెనక నుంచి ఓ ముసలి డ్రైవరు, "మా నాన్నా అలా భూమి పోయే ఇక్కడికొచ్చాడు" అన్నాడు. మీసాలన్న బెంచీ మీద కూలబడ్డాడు.

"బండ తోసేటప్పుడు పాడేదొకటుంది," అంది పెద్దమ్మ. "ఒక్కదాన్నే పాడలేను. మీరు అందుకోవాలి."

మొదట తడబడ్డారు, ఒకర్నొకరు చూసి నవ్వుకున్నారు. మూడోసారికి షెడ్డు రేకులు అదిరిపోయాయి. ఆ తర్వాత మాటలు, తిట్లు, వాదనలు రెండు గంటలు నడిచాయి. చివరికి బండ్లు తియ్యకూడదని చేతులు లేచాయి.

సోమవారం నలభై లారీల్లో ఒక్కటీ కదల్లేదు. పదింటికల్లా పోలీసులు దిగి మీసాలన్ననూ పెద్దమ్మనూ వ్యానులో పడేశారు. డ్రైవర్లు వెళ్లి వ్యాను ముందు బైఠాయించారు.

"రికార్డు చెయ్యి, మంచి సీను!" అని అరిచాడు డైరెక్టరు.

లాఠీలు పైకి లేస్తున్నాయి. మెషీను అతని చేతిలో పెట్టేసి, వెళ్లి వాళ్ల మధ్య కూర్చున్నాను.