వరసలు కలిపిన మేనేజరు

మా ఆసుపత్రి లాండ్రీకి కొత్తగా వచ్చిన మేనేజరుకు ముప్ఫై అయిదేళ్ళు కూడా ఉండవు. ఎక్కడో మూడు రోజులు శిక్షణ పొంది వచ్చాడు. వస్తూనే ఇస్త్రీ గదిలో మా పధ్నాలుగు మందినీ నిలబెట్టి, "ఇవాళ్టి నుంచి ఇక్కడ సార్లూ గీర్లూ ఉండరు. ఇది ఆఫీసు కాదు, మనందరి ఇల్లు. నన్ను బాబాయ్ అని పిలవండి. ఈ చోటు మాదీ అని మీ అందరికీ అనిపించేదాకా నాకు నిద్ర పట్టదు," అన్నాడు.

నిద్ర సంగతి నాకు తెలియదు కాని, మధ్యాహ్నాలు అతని గదిలోంచి గురక మాత్రం బాగానే వినిపించేది.

ఆవిరి ఇస్త్రీ యంత్రం దగ్గర పనిచేసే పొడుగక్కకు యాభై రెండేళ్ళు. "నా పెద్దాడితో కలిసి బడికెళ్ళే వయసే వీడిది. వీడు నాకు బాబాయేంటే?" అని నా చెవిలో గొణిగింది. అందరం నవ్వుకున్నాం. నవ్వుకుని, ఆ తెల్లారి నుంచే బాబాయ్ అనడం మొదలుపెట్టాం. మొదట అన్నది నేనే. పళ్ళికిలించి మరీ అన్నాను. తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత.

గోడ మీద 'మన కుటుంబం' అని రాయించి మా ఫోటోలు అంటించాడు. శనివారం శనివారం అందరం గుండ్రంగా నిలబడి, చేతులు పట్టుకుని, పక్కవాళ్ళ గురించి ఒక మంచి మాట చెప్పాలి. ఒకరు కూర్చుని ఒకరు నిలబడితే కుటుంబంలో తేడాలొస్తాయట. అందుకని మేం కాసేపు కూర్చునే రెండు స్టూళ్ళూ తీయించేశాడు. తన గదిలోని చక్రాల కుర్చీకి మాత్రం ఏ తేడాలూ రాలేదు.

ఇస్త్రీ యంత్రం మూత పైన నిలవడం లేదని పొడుగక్క అతనికి రెండుసార్లు చెప్పింది. "మన ఇంట్లో చిన్న చిన్నవి మనమే సర్దుకోవాలమ్మా," అన్నాడు. ఒక గురువారం పొద్దున ఆ మూత ఆవిడ కుడిచేతి మీద పడింది. పై అంతస్తులోనే ఆసుపత్రి కాబట్టి కట్టు వెంటనే కట్టారు. డాక్టరు పదిహేను రోజులు చెయ్యి కదపొద్దని రాసిచ్చాడు.

మేనేజరు పూలగుత్తితో వచ్చాడు. కట్టుకట్టిన చేతిని పట్టుకుని ఫోటో దిగాడు. 'మనవాళ్ళ నొప్పి మన నొప్పి' అని కింద రాసి గోడకు అంటించాడు. అప్పుడు పొడుగక్క డాక్టరు చీటీ తీసి చూపించింది.

"సెలవు అయిదు రోజులేనమ్మా. ఆరో రోజు రాకపోతే పేరు కొట్టేస్తారు."

"ఎవరు కొట్టేస్తారు బాబాయ్?"

"పైవాళ్ళు. రూల్స్ కదా, నా చేతిలో ఏముంది?"

ఆదివారం ఆవిడ అతని ఇంటికి బయల్దేరింది. నన్నూ లాక్కెళ్ళింది. అతని భార్య తలుపు తీసి ఎవరు కావాలని అడిగింది.

"బాబాయ్ ఉన్నారా అమ్మా? నేను ఆయనకి కూతురి వరస."

ఆమె పొడుగక్క నెరిసిన తలను ఎగాదిగా చూసి, "ఏమండీ, మీ కూతురట, వచ్చింది!" అని లోపలికి కేకేసింది.

మేనేజరు వచ్చి మమ్మల్ని చూసి మొహం మాడ్చుకున్నాడు. "ఇంటికి రావడమేంటి? ఏదైనా ఉంటే ఆఫీసులో మాట్లాడాలి."

"అది ఆఫీసు కాదు, ఇల్లన్నారుగా బాబాయ్. ఆ ఇంట్లో అడిగితే రూల్సన్నారు. అందుకే ఈ ఇంటికొచ్చాను."

"చేతికేమైంది?" అని భార్య అడిగింది. పొడుగక్క మొత్తం చెప్పింది.

"రెండుసార్లు చెప్పిందా మీకు?" అంది ఆమె అతనితో.

"నువ్వు లోపలికెళ్ళు." ఆమె కదల్లేదు. అతను పొడుగక్క వైపు తిరిగాడు. "చూడమ్మా, కుటుంబం అనేది ఒక భావన. దాన్ని అర్థం చేసుకోవాలి."

"అర్థమైంది సార్," అని పొడుగక్క వెనక్కి తిరిగింది.

ఆరో రోజు వచ్చి ఎడమచేత్తో సంతకం పెట్టింది. ఆవిడ రోజుకు నూట ముప్ఫై దుప్పట్లు ఇస్త్రీ చెయ్యాలి. మేం పదమూడు మందిమి. తలా పది పంచుకున్నాం. ఆవిడను ఉతికిన దుప్పట్ల మూటల వెనక పడుకోబెట్టాం. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఎవరి గురించీ మంచి మాటలు చెప్పుకునే తీరికా లేదు.

ఇలా పంచుకున్న మూడో రోజు అతను కనిపెట్టాడు. "ఎవరి పని ఎవరు చేస్తున్నారు? ఎవరు చెప్పారు మీకు?"

"ఎవరూ చెప్పలేదు సార్," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"ఏం సార్, ఏమైంది సార్?" అంటూ వరసగా అందరూ అందుకున్నారు.

"సార్ ఏంటి? బాబాయ్ అనమన్నానుగా!" అన్నాడు బేలగా. మేం దుప్పట్లు మడతపెడుతూనే ఉన్నాం. మా మీద కాగితం రాసి పైకి పంపుదామంటే మూత సంగతి బయటికొస్తుంది. అందుకని ఆ కాగితం మాట మానేసి, మర్నాడే మనిషిని పిలిపించి మూత బాగుచేయించాడు. అంతవరకే అతని ధైర్యం.

రెండు నెలలకు అతన్ని ఇంకా పెద్ద లాండ్రీకి పంపారు, ఇక్కడ సిబ్బందిలో కుటుంబ భావం పెంచినందుకట. వెళ్ళేటప్పుడు మా అందరి ముందూ ఏడ్చాడు. నిజం కన్నీళ్ళే. అలాంటి మనిషికి అదీ చేతనవుతుంది. ఆపరేషన్ గది దుప్పట్లు దిగాయని మధ్యలోనే పనిలోకి వెళ్ళిపోయాం.

పొడుగక్క కుడిచేతి రెండు వేళ్ళు ఇప్పటికీ మడతపడవు.